వెనక అన్న మాట

కబేళా కోత హాల్లో మర్యాదలంటూ పెద్దగా ఏమీ లేవు. ఒక్కటే ఉంది. కత్తి పట్టుకుని నిలబడ్డవాడి వెనక నుంచి ఎవరు నడిచినా "వెనక" అనాలి. ఆ మాట వినగానే నిలబడ్డవాడు కత్తి ఆపుతాడు, అడుగు కదపడు. అన్నవాడు దాటిపోయాక మళ్ళీ కోస్తాడు. మేనేజరైనా అనాల్సిందే, నేల కడిగే మనిషైనా అనాల్సిందే.

ఆ మాట వాళ్ళ ఇళ్ళకు కూడా అంటుకుంది. వంటింట్లో భార్య వెనక నుంచి మంచినీళ్ళకు వెళ్తూ "వెనక" అంటారు. బస్సు దిగేటప్పుడు అంటారు. ఒక పెళ్ళిలో అందరూ ఫొటోకు నిలబడితే ఎవరో అలవాటుగా అన్నారట. కబేళా వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది.

రాయి ఆ హాల్లో ఇరవై ఆరేళ్ళు కోశాడు. రాయి అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పిలిస్తే పలకడని పదేళ్ళ కింద హాల్లో పెట్టారు. కొందరు పొగరన్నారు, కొందరు పని మీద ధ్యాస అన్నారు. అతను రెండూ కాదనలేదు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి. పొట్టి మెడ, పెద్ద చేతులు. అతని చోటు ఎముకల రంపం పక్కనే. రంపం అతనికి ఎడమ పక్క, రెండడుగుల దూరం. రంపం నడిపే మనిషి చెవుల్లో రబ్బరు బిళ్ళలు పెట్టుకోవడం తప్పనిసరి. కోతవాళ్ళకూ ఇచ్చారు. ఒక్కరూ పెట్టుకోరు. పెట్టుకుంటే "వెనక" వినపడదు కదా అంటారు.

ఆ రోజు ఉదయం పది గంటలు. కొక్కేలకు తలకిందులుగా గొర్రెలు వరసగా వస్తున్నాయి. ఒక్కొక్కదానికి నలభై సెకన్లు. రాయి ఒకదాని భుజం పట్టుకుని, కత్తి మొనను కీలులోకి దించి తిప్పాడు. నరం తెగిన చప్పుడు చేతికి తెలిసింది. భుజం ఊడి బల్ల మీద పడింది. చెయ్యి విదిలిస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగు వెయ్యకుండా ఉండాల్సింది.

వెనక పిచ్చుక అని పిలిచే ఇంకో కోతవాడు ఉన్నాడు. రంపం వైపు నుంచి వచ్చాడు. కత్తి మొన నేల వైపు దించి, తొడకు ఆనించుకుని, పద్ధతి ప్రకారమే నడుస్తున్నాడు. రాయి విదిలించిన కుడి చెయ్యి వెళ్ళి ఆ అంచు మీద పడింది. కోతవాళ్ళకు ఎడమ చేతికి ఇనుప తొడుగు ఉంటుంది. కత్తి పట్టే చేతికి ఏమీ ఉండదు. బొటనవేలి మొదట్లో చెయ్యి నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఒక క్షణం రక్తం రాలేదు. లోపల తెల్లగా ఉంది. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్న తెలుపే. తర్వాత ఒక నరం రబ్బరులా ముంజేతిలోకి వెనక్కి జారిపోవడం అతనికి స్పష్టంగా తెలిసింది. అప్పుడు వచ్చింది రక్తం.

"వెనక అనలేదు వీడు," అన్నాడు రాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

మేస్త్రీ ముందు అతని చేతికి గుడ్డ చుట్టాడు. తర్వాత జేబులోంచి పుస్తకం తీసి ఆ మూడు మాటలూ రాసుకున్నాడు.

పిచ్చుక పరాయివాడు కాదు. రాయికి తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. కత్తి పట్టడం నేర్పింది రాయే. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. అతను మాట్లాడుతుంటే పక్కగదిలో ఎక్కడో తలుపు కిర్రుమన్నట్టు ఉంటుందని హాల్లో వేళాకోళం చేస్తారు. ఆ గొంతుతో అతను "వెనక" అన్నాడా, అనలేదా? రంపం తిరుగుతోంది. రంపం మనిషి చెవుల్లో బిళ్ళలున్నాయి. మిగతావాళ్ళు దూరంగా ఉన్నారు. విన్నామని చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాలుగో రోజు ఆసుపత్రి మెట్ల దగ్గర పిచ్చుక ఎదురయ్యాడు. రాయి కుడి చెయ్యి మోచేతి దాకా కట్టుతో మెడకు వేలాడుతోంది. ఎడమ చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంది, నిండా పాలు.

"అన్నయ్యా, నేను అన్నాను. నా పిల్లల మీద ఒట్టు. అన్నాకే అడుగు వేశాను."

"ఏదీ, ఇంకోసారి చెప్పు."

"అన్నాను అన్నయ్యా."

రాయి ఫ్లాస్కుతో మూతి మీద కొట్టాడు. ఎడమ చేతి దెబ్బ, గురి కుదరలేదు. రెండోది కుదిరింది. పిచ్చుక గోడకు కొట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. తిరిగి చెయ్యెత్తలేదు. ఫ్లాస్కు మూత ఊడి పాలు మెట్లు దిగుతూ పోయాయి, మూడో మెట్టు దగ్గర రక్తం వాటిలో కలిసింది. పిచ్చుక వంగి, ఆ మెట్టు మీద నుంచి తన పై పళ్ళు రెండు ఏరుకున్నాడు. చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు.

రాయి భార్య మందుల చీటీ పట్టుకుని పై నుంచి దిగుతోంది. అంతా చూసింది.

"ఏమండీ, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి," అంది.

ఇచ్చాడు. దానికి సొట్ట పడింది. వాళ్ళింట్లో ఇప్పటికీ అదే వాడతారు.

విచారణ రాయి కట్టు విప్పిన ఆరు వారాలకు పెట్టారు. అక్కడ అతను తన మాట మీద సంతకం పెడితే పిచ్చుక కత్తి తీసేసుకుంటారు. ఒక హాల్లో కత్తి పోగొట్టుకున్నవాణ్ణి ఇంకో హాలు గడప ఎక్కనివ్వదు. పిచ్చుకకు నలభై రెండేళ్ళు. కోత తప్ప ఇంకో పని రాదు.

రాయికి అది చాలలేదు. అతనికి వేలు కావాలి. వేలికి వేలు. సంతకం పెట్టి బయటికి వచ్చాక, కబేళా గేటుకూ సైకిళ్ళ షెడ్డుకూ మధ్య ఎవరూ ఉండని చోటు ఒకటుంది. అక్కడ పని అర నిమిషంలో అయిపోతుంది. కీలు ఎక్కడుందో చూడకుండానే చెప్పగలడు. ఎముకల నుంచి మాంసం ఒలిచే పొట్టి కత్తిని గుడ్డలో చుట్టి వంటింటి అటక మీద, పాత గిన్నెల వెనక పెట్టాడు. ఒక్కటే అడ్డం. కత్తి పట్టుకోవడానికి బొటనవేలు ముడుచుకోవాలి. అది సగం దాకా వచ్చి ఆగిపోతోంది.

వేలికి పని చెప్పమని డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చాడు. రోజుకు రెండొందల సార్లు నొక్కాలి. పదకొండో సారికి రాయికి ఒళ్ళు మండింది.

అతని కూతురు సరుకులు చేరవేసే వ్యాను నడుపుతుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. సాయంత్రం వచ్చి అడిగింది.

"నాన్నా, బంతి ఏది?"

"పక్కింట్లో ఉంది."

"వాళ్ళకెవరిచ్చారు?"

"కిటికీలోంచి వెళ్ళింది."

"కిటికీ తెరిచే ఉందా?"

"లేదు."

కూతురు పగిలిన అద్దం కేసి చూసింది. చెప్పులు వేసుకుని వ్యాను దగ్గరికి వెళ్ళి, రెండు చేతుల మధ్య పట్టే పలక లాంటిదాన్ని తెచ్చింది. మధ్యలో తెర, రెండు పక్కలా బటన్లు, బొటనవేళ్ళతో తిప్పే రెండు బొడిపెలు.

దాన్ని రాయి అప్పటికే చూశాడు, చూసినట్టు ఒప్పుకోలేదు. అంతకు ముందు ఆ పిల్లకు ముందు గదిలో పెద్ద కంప్యూటర్ ఉండేది. నల్ల పెట్టె, లోపల ఫ్యాను రంపంలా తిరిగేది, వేసవిలో ఆ గదిలోకి అడుగు పెట్టలేకపోయేవాళ్ళు. దాని ముందు కూర్చుని ఆమె ఆటలో మృగాలను నరుకుతుండేది. రాయి ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. వందకు పైగా మీటలు, ఒక ఎలుక. ఏదో ఆఫీసుకు అర్జీ పెట్టుకోవడానికి వచ్చినట్టు అనిపించి లేచిపోయాడు. తర్వాత ఆమె ఉద్యోగంలో చేరింది, బల్ల ముందు కూర్చునే తీరిక పోయింది. పెట్టె అమ్మేసి ఇది కొనుక్కుంది. మధ్యాహ్నం వ్యాను పక్కకు ఆపి, అన్నం తిని, స్టీరింగుకు ఆనించి ఆడుకుంటుంది.

"బంతి నచ్చకపోతే ఇది నొక్కు."

"చిన్నపిల్లల ఆట నాకెందుకే?"

"చిన్నపిల్లల ఆట కాదు. ఆ పెద్ద పెట్టెలో ఆడేదాన్ని చూడు, అదే ఇది. నువ్వు మంచం దిగక్కర్లేదు. గొడ్డలి నీ కుడి బొటనవేలి కింద పెట్టాను. ఒక నొక్కుకు ఒక దెబ్బ."

"ఎవణ్ణి కొట్టాలి?"

"ఎదురొచ్చినవాణ్ణల్లా."

అది అతనికి అర్థమయ్యే పని.

ఆటలో ఒక పాడుబడ్డ నగరం. ఇళ్ళు కూలి ఉంటాయి, నీళ్ళు నిలిచి ఉంటాయి, గోడల వెనక మృగాలుంటాయి. చేతిలో గొడ్డలి ఉన్న ఒక మనిషి నడుస్తుంటాడు. మొదటి రోజు రాయి ఆ మనిషిని నడిపించలేకపోయాడు. వాడు తల పైకెత్తి గోడకు ఢీకొట్టుకుంటూ ఉండిపోయాడు.

"నాన్నా, ఆకాశంలో ఎవరూ లేరు. కిందకి చూడు."

"వీడి మెడ పట్టేసింది."

"వాడి మెడ బానే ఉంది. నీ ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ మాట్లాడుకోవట్లేదు."

ఆట కష్టాన్ని ఆమె బాగా తగ్గించింది. అక్షరాలు పెద్దవి చేసింది. పక్కకు దూకే బటన్‌ను పలక వెనక్కి, మధ్య వేలికి అందేలా మార్చింది. మూడో రోజుకు రాయి మొదటి మృగాన్ని పట్టుకున్నాడు. కుక్కంత ఉంటుంది, ఒంటి మీద వెంట్రుకలు లేవు. గొడ్డలి భుజంలో దిగింది. ముక్క ఊడి పడింది. రాయి తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది తప్పు," అన్నాడు. "భుజం ఇక్కడ ఊడదు. ఇంకా కింద ఊడుతుంది."

"గేమ్ చేసినవాళ్ళకు చెప్తాలే."

ఆ శబ్దాలు తన వల్ల కాదని భార్య అంది. ఎముకల చప్పుడు ఇరవై ఆరేళ్ళు మొగుడి బట్టల్లో ఉతికాననీ, ఇప్పుడు ఇంట్లో వినలేననీ అంది. అందుకని కూతురు ఇయర్‌ఫోన్స్ తెచ్చి పెట్టింది. అప్పటి నుంచి రాయి వాటితోనే ఆడాడు.

రెండో వారానికి రోజుకు మూడొందల దెబ్బలు. పుర్రెలు పగిలాయి, పొట్టలు తెరుచుకున్నాయి, గోడలు తడిసిపోయాయి. అన్నానికి పిలిస్తే పైన ఒక బటన్ నొక్కేవాడు. గొడ్డలి గాలిలో, మృగం నోరు తెరిచి, అంతా అలాగే ఆగిపోయేది. తిని చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ నొక్కితే దెబ్బ పూర్తయ్యేది. ఒకసారి ఆ ఆగిన బొమ్మను చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. కోత హాల్లో ఆ అడుగుకు ముందు ఇలాంటి బటన్ ఒకటి ఉండి ఉంటే అనుకున్నాడు. తర్వాత ఆ ఆలోచనకే కోపం వచ్చి పదిహేను మృగాలను చంపాడు.

బొటనవేలు ముప్పాతిక దాకా ముడుచుకోసాగింది. కూతురు సంతోషించింది. అది దేనికోసం ముడుచుకుంటోందో ఆమెకు తెలియదు.

"మా చెల్లెలు ఫోన్ చేసింది," అంది భార్య ఒక పూట. "ఆయన ఇంకా ఏమీ నమల్లేకపోతున్నాడట. అన్నీ గుజ్జు చేసి పెడుతోందట."

రాయి తెర మీద ఇంకో మృగాన్ని నరికాడు.

"మీకు చెప్పినా గోడకు చెప్పినా ఒకటే. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు."

నాలుగో వారంలో నగరం కింద ఒక నేలమాళిగ వచ్చింది. మోకాలి లోతు నీళ్ళు, స్తంభాలు, చీకటి. అందులో ఒక పెద్ద మృగం ఉంది. ఒంటి కొమ్ము, మనిషి చేతుల్లాంటి చేతులు. రాయి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. అంత పెద్ద మృగానికి ఆ పేరేమిటని కూతురు పడీ పడీ నవ్వింది.

పిచ్చుక అతన్ని చంపుతూ వచ్చింది. ప్రతిసారీ ఒకే రకం. ఎదురుగా ఉన్నప్పుడు రాయిదే పైచేయి. గొడ్డలి దాని మోచేతుల్లో, మెడలో దిగేది. ఉన్నట్టుండి అది స్తంభాల చాటుకు మాయమయ్యేది. రెండు క్షణాల తర్వాత కొమ్ము అతని ఎడమ డొక్కలోంచి బయటికి వచ్చేది. గొడ్డలి మనిషి కొమ్ము మీద గిలగిలా కొట్టుకుని నీళ్ళలో పడిపోయేవాడు. ఎర్రటి తెర. మళ్ళీ మొదటికి. ఐదో వారం అంతా అదే. ఆరో వారం అంతా అదే. రాయి పలక వెనకున్న బటన్ పగిలేలా నొక్కాడు. మంచం కోడును తన్ని కాలి గోరు ఊడగొట్టుకున్నాడు.

విచారణ సోమవారం. ఆదివారం మధ్యాహ్నం కూతురు ఇంట్లోనే ఉంది. నలభై ఒకటోసారి కొమ్ము దిగింది. రాయి పలకను దుప్పటి మీదికి విసిరాడు.

"దొంగ ముండాకొడుకు. చెప్పకుండా వెనక నుంచి వస్తాడు."

"చెప్పకుండా రాడు నాన్నా. మూడుసార్లు గుర్రుమంటాడు. మూడోది అయ్యాకే పొడుస్తాడు. మొదటిది వినగానే పక్కకు దూకాలి."

"గుర్రూ లేదు, గిర్రూ లేదు. నేను వినడం లేదా?"

"ఏ పక్క నుంచి గుర్రుమంటే ఆ పక్క నుంచి వస్తాడు. ఈ గేమ్‌లో అన్నీ అంతే. ఉండు, ఇద్దరం విందాం."

మంచం మీద అతని పక్కన కూర్చుంది. ఇయర్‌ఫోన్స్‌లో కుడి బిళ్ళ తను పెట్టుకుంది. ఎడమది అతని ఎడమ చెవిలో పెట్టింది. పలక తను తీసుకుంది. నేలమాళిగలోకి దిగింది.

"ఇది పాడైంది," అన్నాడు రాయి.

"ఏది?"

"ఈ బిళ్ళ. నీళ్ళ చప్పుడు కూడా లేదు."

ఆమె అతని చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుంది. తెర మీద పిచ్చుక స్తంభాల చాటుకు వెళ్ళింది. ఆమె పెదవులు కదిలాయి. ఒకటి. రెండు. మూడు. గొడ్డలి మనిషి పక్కకు దూకాడు. కొమ్ము ఖాళీ నీళ్ళలో దిగింది.

"బానే ఉందే," అంది.

మళ్ళీ అతని ఎడమ చెవిలో పెట్టింది. ఏమీ లేదు. అదే బిళ్ళ కుడి చెవిలో పెట్టింది. నీళ్ళు, అడుగులు, దూరంగా బండ మీద బండ జారిన చప్పుడు. తర్వాత ఆ గుర్రు. స్పష్టంగా, ఓపిగ్గా, మూడుసార్లు.

రాయి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. సానరాయి తీశాడు, చేతికందిన చెంచా తీశాడు. కుడి చెవి దగ్గర పెట్టి గీశాడు. ఎడమ చెవి దగ్గర పెట్టి గీశాడు. చెంచా సానరాయి మీద కదలడం చేతికి తెలుస్తోంది. అంతే. ఇంకా గట్టిగా గీశాడు. చెంచా వంగిపోయేదాకా గీశాడు. తర్వాత సానరాయితో తన ఎడమ చెవి మీద కొట్టుకున్నాడు. రెండోసారి కొట్టుకునేసరికి చెవి పై అంచు చిట్లి, రక్తం మెడ మీదుగా బనియన్‌లోకి దిగింది.

కూతురు వచ్చి చెయ్యి పట్టుకుంది. అతను ఆమె ముఖం చూశాడు. ఆమె అతన్ని చూడడం లేదు, అతని భుజం మీదుగా వెనక్కి చూస్తోంది. తిరిగి చూస్తే భార్య నిలబడి ఉంది, ఎడమ పక్కన, రెండడుగుల దూరంలో.

"మీ అమ్మ ఎంతసేపటి నుంచి పిలుస్తోంది?" అని కూతుర్ని అడిగాడు.

"నువ్వు చెంచా తీసినప్పటి నుంచి."

భార్య పైట చెంగు తడిపి అతని చెవికి అదిమింది. ఆమె మంచంలో ఎప్పుడూ అతనికి కుడి పక్కనే పడుకుంటుంది. ఎప్పటి నుంచి అలా మారిందో ఇద్దరికీ గుర్తు లేదు. ఫోను కుడి చెవికే పెట్టుకుంటాడు. బస్సులో ఎడమ కిటికీ పక్కనే కూర్చుంటాడు. హాల్లో రాయి అన్నారు. అతను పొగరనుకోనిచ్చాడు.

"పదేళ్ళుగా తిడుతున్నా, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తున్నారని," అంది ఆమె. "వదలడానికి ఆ చెవి ఉంటేగా."

నవ్వబోయింది. నవ్వు రాలేదు.

కాసేపటికి అతను స్టూలు వేసుకుని అటక మీదికి చెయ్యి పెట్టాడు. పాత గిన్నెల వెనక గుడ్డ మూట అలాగే ఉంది. విప్పాడు. లోపల చెక్క గరిటె ఉంది.

కిందకి చూశాడు. భార్య పీట ముందు కూర్చుని ఉల్లిపాయలు కోస్తోంది. ఆమె చేతిలో ఉన్నది అతని పొట్టి కత్తి.

"రెండు వారాల నుంచి దీంతోనే కోస్తున్నా," అంది తలెత్తకుండా, కొంచెం గట్టిగా. "మంచి పదును."

సోమవారం మేనేజరు గదిలో నలుగురు ఉన్నారు. మేనేజరు, మేస్త్రీ, రాయి, పిచ్చుక. పిచ్చుక పై పెదవి మధ్యలో లోపలికి పోయింది, మనిషి పదేళ్ళు పెద్దవాడైనట్టున్నాడు. తలుపుకు దగ్గరగా, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాడు. రాయి ఎడమ చెవికి పట్టీ ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు.

"మీరు ఆ రోజు చెప్పింది చదువుతాను," అన్నాడు మేనేజరు. "వెనక అనలేదు వీడు. ఇంతే కదా? కింద సంతకం పెట్టండి."

"ఒక మాట మార్చాలి."

"ఏ మాట?"

"అనలేదు అన్నది. వినపడలేదు అని రాయండి."

"రెండూ ఒకటే కదండీ."

"కాదు."

మేస్త్రీ కుర్చీలో సర్దుకున్నాడు. ఆ మాట మారిస్తే ఏమవుతుందో గదిలో అందరికంటే ముందు అర్థమైంది అతనికే. "రాయీ, ఆలోచించుకునే మాట్లాడుతున్నావా? వెనక వినపడనివాడు హాల్లో కత్తి పట్టుకుని నిలబడ్డానికి లేదు."

"ఆ సంగతి నువ్వు చెప్పాలా? పోయినేడు ఇద్దర్ని తీసేసినప్పుడు నీ పక్కనే ఉన్నా."

"వినపడకపోతే ఇతను అన్నాడని మీకెలా తెలుసు?" అన్నాడు మేనేజరు.

రాయి చెప్పాడు. నేలమాళిగ, కొమ్ము, మూడు గుర్రులు, ఇయర్‌ఫోన్ బిళ్ళ. చెబుతుంటే తనకే పిచ్చి మాటల్లా వినపడ్డాయి. మేనేజరు కలం బల్ల మీద పెట్టేశాడు.

"గేమ్ ఆడితే తెలిసిందా?"

"అవును."

"ఈ వయసులో."

"ఆ ఆట పలక నన్ను వయసు అడగలేదు సార్." లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, అందరికీ వీపు పెట్టి. కుడి చెవిలో వేలు దూర్చాడు. "రంపం కూడా వద్దు. వాణ్ణి నా ఎడమ పక్క, వెనక నిలబడి అనమనండి."

కిటికీ బయట గొర్రెలు లారీ దిగుతున్నాయి. ఒకదాని కాలు లారీ చెక్కల సందులో ఇరుక్కుంది. పనివాడు దాని తోక పట్టుకుని లాగాడు, కాలు విరిగింది, అది మూడు కాళ్ళతో మిగతావాటి వెంట పోయింది. రాయి ఆ విరిగిన చప్పుడు కూడా వినలేదు, అద్దం అడ్డం ఉంది. చాలాసేపు నిలబడ్డాడు. చివరికి వేలు తీసి, తల తిప్పకుండా అన్నాడు.

"మొదలుపెట్టమనండి."

"అయిపోయింది రాయీ," అన్నాడు మేస్త్రీ. "ఏడుసార్లు అన్నాడు."

తిరిగి చూస్తే పిచ్చుక అతని భుజానికి జానెడు దూరంలో ఉన్నాడు. పళ్ళు లేక ఇప్పుడు ఆ మాట ఎలా వస్తోందో రాయికి తెలియలేదు. అడిగితే బాగుండదు.

కాగితం మార్చి రాశారు. రాయి సంతకం పెట్టాడు, బొటనవేలితో కలం గట్టిగానే పట్టుకున్నాడు. మేస్త్రీ హాల్లోకి వెళ్ళి కొక్కేల వరసలోంచి ఒక కత్తి తీశాడు. పిచ్చుకది కాదు. ఇరవై ఆరేళ్ళలో నాలుగు పిడులు మారిన కత్తి. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాడు. రేపటి నుంచి తోళ్ళ గదిలో ఉప్పు పని. అక్కడ రంపం ఉండదు, కత్తీ ఉండదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

రాయి బయటికి వచ్చాడు. గేటు దాటాడు. సైకిళ్ళ షెడ్డుకు వెళ్ళే దారిలో, ఎవరూ ఉండని ఆ చోటుకు వచ్చేసరికి ప్రపంచం ఎడమ పక్క నుంచి విరుచుకుపడింది.

పిడికిలి దవడ మీద తగిలింది. రెండోది చెవి మీద, పట్టీ మీదే. రాయి పక్కకు పడి మోచెయ్యి సిమెంటు మీద చీరుకున్నాడు. డొక్కలో ఒక తన్ను. ఇంకొకటి. సన్న మనిషే కానీ పద్దెనిమిదేళ్ళు కోత కోసిన కాళ్ళూ చేతులూ అవి. రాయి చేతులు పైకెత్తలేదు. నోట్లోకి రక్తం వచ్చింది. ఉప్పగా, వేడిగా ఉంది. నాలుకతో పళ్ళు తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి, ఒకటి కదులుతోంది.

తన్నులు ఆగాయి. పిచ్చుక ఎగశ్వాసతో అతని చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. చెవి దగ్గరగా వంగాడు.

"ఇప్పుడు అనలేదు," అన్నాడు. లేని పళ్ళ సందులోంచి గాలి ఈల వేసింది. "తేడా తెలిసిందా అన్నయ్యా?"

"తెలిసింది."

"ఆ రోజు అన్నాను."

"అన్నావు."

పిచ్చుక ఇంకాసేపు అలాగే ఉన్నాడు. మళ్ళీ కొడతాడేమో అనిపించింది. తర్వాత చెయ్యి చాచాడు. రాయి కుడి చెయ్యి ఎత్తి ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఆరు వారాలు, రోజుకు మూడొందల దెబ్బలు. బొటనవేలు పూర్తిగా మూసుకుంది. ఎముకల మధ్య సందు దొరకబుచ్చుకుని అక్కడే బిగిసింది.

"వదులు అన్నయ్యా. విరుగుతుంది."

రాయి లేచి నిలబడేదాకా వదల్లేదు.